ముళ్ల చేప, సబ్‌టైటిల్స్ ఒకే రాత్రి వద్దు: పాత ఫ్రెంచ్ సినిమాకు ఇంటి వంట

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మిగతాదంతా అక్కడి నుంచే నేర్చుకున్నా కాబట్టి. ఒక శనివారం రాత్రి నల్గొండలో మా ఇంట్లో పాత ఫ్రెంచ్ సినిమా పెడదాం, ఉత్తగా చూడటమెందుకు మంచిగ తింటూ చూద్దాం అనుకుని, సాగర్ నుంచి వచ్చిన బొచ్చె చేప తెచ్చి అమ్మతో పులుసు పెట్టించాను. సినిమా ఏమో ఝాన్ రెన్వార్ 1939లో తీసిన ‘ది రూల్స్ ఆఫ్ ది గేమ్’. అందులో మనుషులు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారు, ఒకరి మాట అయ్యేలోపే ఇంకొకరు అందుకుంటారు. కింద ఇంగ్లిష్ అక్షరాలు వచ్చి పోతున్నాయి, ఇక్కడ తలెలో ముళ్లు. పావుగంట కాకముందే మా ఇంటామె తల వంచి ముల్లు తీసుకుంటూ “ఇప్పుడు గీయన ఎవరి మొగడు?” అని అడిగింది, మా బామ్మర్ది గొంతులో ముల్లు ఇరుక్కుని ఉత్త బువ్వ ముద్దలు మింగుతున్నాడు, అమ్మ అయితే గోడకు ఆనుకుని ఎప్పుడో నిద్రపోయింది. పులుసు మాత్రం బాగా కుదిరింది.

ఆ రాత్రి తెలిసిందేంటంటే, సినిమాకు వంట జత చేయడమంటే ఫ్రాన్స్‌లో ఏం తింటారో వెతికి అదే వండటం కాదు. కళ్లకు ఎంత పని ఉంది, చెవులకు ఎంత పని ఉంది అని ముందు చూసుకోవాలి, మిగిలిన దాన్ని బట్టి చేతికి పని పెట్టాలి. మాటలు దండిగా ఉన్న సినిమా అయితే తలె వైపు చూడకుండా నోట్లో పెట్టుకునేది వండాలి. మాటలే లేని సినిమా అయితే ఏదైనా వండుకోండి, పీతలైనా సరే. చప్పుడు మీద నడిచే సినిమా అయితే కరకరలాడేది ఒక్కటి కూడా ఇంట్లో కనిపించొద్దు. తెలుగు సినిమాకు ఈ లెక్క అక్కర్లేదు, చెవులతో విని తల వంచుకుని తినేస్తాం. సబ్‌టైటిల్స్ అనేసరికి మొత్తం మారిపోతుంది.

టీవీ సంగతి, తొందరగా

పాత ఫ్రెంచ్ సినిమాలు, ముఖ్యంగా 1950ల మొదట్లో వరకు వచ్చినవి, దాదాపు చదరంగా ఉంటాయి, కాబట్టి మన వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. అది లోపం కాదు. ఇంట్లో ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని ‘ఫుల్’ చేస్తారు, అప్పుడు మనుషులందరూ పొట్టిగా లావుగా అవుతారు. ‘జూమ్’ చేస్తే నెత్తులు తెగిపోతాయి, సబ్‌టైటిల్స్ రెండో లైను కిందికి పోతుంది. ఒరిజినల్ సైజులో పెట్టి రిమోట్ దాచేయండి. సెట్టింగ్స్‌లో కదలికను నున్నగా చేసేది ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని ఆపండి, లేకపోతే 1930ల సినిమా కూడా సాయంత్రం సీరియల్ లాగా కనిపిస్తుంది.

సబ్‌టైటిల్స్ తెల్లగా ఉండి వెనక తెల్ల బల్లగుడ్డ వస్తే ఒక్క అక్షరం కనపడదు. అక్షరాల వెనక నల్ల డబ్బా వచ్చే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి, లేదంటే పసుపు రంగు. సైజు, మీరు కూర్చునే చోట నుంచి చూసి పెంచుకోండి, టీవీ ముందు నిలబడి కాదు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ వాడేవాళ్లు, మాట ముందొచ్చి అక్షరం వెనకొస్తుంటే జీ, హెచ్ మీటలు నొక్కి సరిచేసుకోవచ్చు. కానీ మొదట్లో సరిగ్గా ఉండి పోను పోను దూరమవుతుంటే మీటలు నొక్కీ నొక్కీ వేలు నొప్పి తప్ప లాభం లేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములది, సబ్‌టైటిల్ ఫైలు 25 ఫ్రేముల కాపీకి చేసింది అయి ఉంటుంది. ఆ కాపీలో వంద నిమిషాల సినిమా 96 నిమిషాలకే అయిపోతుంది, ఇక అవి రెండూ ఎక్కడ కలుస్తాయి? వేరే ఫైలు తెచ్చుకోవడమే. ఇవన్నీ పొద్దున చూసుకోవాలి, బువ్వ వడ్డించాక కాదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం చాప మీద కూర్చుని తలె నేల మీద పెట్టుకుంటాం, టీవీ గోడకు నడుమెత్తులో ఉంటుంది. ముద్ద ముద్దకూ కన్ను నేల నుంచి గోడకు ఎక్కి దిగాలి, ఆలోపు రెండు డైలాగులు పోతాయి. తలెను పీట మీదనో స్టూలు మీదనో ఛాతీ ఎత్తుకు దగ్గరగా పెట్టుకుంటే సగం ఇబ్బంది పోతుంది. గిన్నె చేతిలో పట్టుకుని తినేది అయితే ఇంకా మంచిది.

మొదటి రాత్రి చిన్నది పెట్టండి

రెండున్నర గంటల కళాఖండం మొదటి రోజే పెట్టి ఇంట్లోవాళ్లను భయపెట్టొద్దు. నేనైతే లూమియేర్ సోదరుల ‘బేబీస్ మీల్’తో మొదలుపెట్టమంటా. నిమిషం కూడా ఉండదు, యూట్యూబ్‌లో దొరుకుతుంది. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో గ్రాండ్ కేఫ్ కింది గదిలో టికెట్ పెట్టి జనానికి చూపించిన పది చిన్న సినిమాల్లో అదొకటి. ఏముంటుంది అందులో? అమ్మా నాన్నా కలిసి చంటిదానికి బువ్వ తినిపిస్తుంటారు, అంతే. నాన్న ఒగుస్త్ లూమియేరే, పాప ఆయన కూతురే. అంటే సినిమా పుట్టిన రోజునే తెర మీద తిండి ఉంది. వెనకాల చెట్ల ఆకులు గాలికి ఊగుతుంటాయి, అప్పటి జనం పాపకంటే ఆ ఆకులను చూసే ఎక్కువ ఆశ్చర్యపోయారని చెప్తారు. మా చిన్నోడు మాత్రం “పాప బిస్కెట్ తినలే” అన్నాడు, మళ్లీ పెట్టి చూస్తే నిజమే, చేతికిచ్చిన బిస్కెట్‌ను కెమెరా వైపు చాపుతుంది.

దాని వెంటనే ‘ది రెడ్ బెలూన్’. 1956, ఆల్బేర్ లామోరిస్ తీశాడు, 34 నిమిషాలు. మాటలు దాదాపు లేవు. అయినా మూల స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ తెచ్చుకుంది, అదీ పెద్ద సినిమాలతో పోటీపడి. పారిస్ గల్లీల్లో ఒక పిల్లాడి వెంట ఎర్ర బుగ్గ (బెలూన్) కుక్కపిల్లలాగా తిరుగుతుంది, పిల్లాడు దర్శకుడి కొడుకే. బేకరీలోకి కేకు కొనుక్కోవడానికి పోతాడు, బుగ్గను బయట నిలబెట్టి. ఆ తర్వాత ఏమైందో చూడండి.

దీనికి మేం చేసుకునేది ఫ్రెంచ్ వాళ్లు ‘పాఁ పెర్దూ’ అనేది. పనికిరాకుండా పోయిన రొట్టె అని అర్థం, పేరు బాగాలేదు గానీ పని బాగుంటుంది. నిన్నటి బ్రెడ్, గట్టిపడ్డది అయితేనే మంచిది, తాజాది నాని ముద్దవుతుంది. ఆరు ముక్కలకు రెండు కోడిగుడ్లు, ఒక గ్లాసు పాలు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు గిలకొట్టి అందులో ఒక్కో వైపు అర నిమిషం నాననిచ్చి పెనం మీద వెన్నతో సన్న మంట మీద కాల్చాలి. కాల్చాక వేళ్లంత సన్నగా కోసి ఇస్తే పిల్లలు చూడకుండానే తింటారు. హైదరాబాద్ పెళ్లిళ్లలో డబల్ కా మీఠా తినే మనకు పాత బ్రెడ్‌తో తీపి కొత్తేం కాదు.

ఆలుగడ్డలు పొగలు కక్కుతుండగానే

ఇప్పుడు మళ్లీ ‘ది రూల్స్ ఆఫ్ ది గేమ్’ దగ్గరికి వస్తా, ఎందుకంటే చేప పులుసుతో పాడుచేసుకున్న ఆ సినిమాలోనే సరైన వంట ఉంది, రెండోసారి చూసినప్పుడు గానీ కనపడలేదు. కింది వంటింట్లో పనివాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తింటూ యజమాని పుట్టుక గురించి ఎగతాళిగా మాట్లాడుకుంటుంటారు. అప్పుడు వంటాయన అడ్డుపడి ఒక మాట చెప్తాడు. ఆయన ఏ పుట్టుక పుట్టినా, ఆలుగడ్డ సలాడ్ విషయంలో నన్ను పిలిచి తిట్టాడు, తెల్ల వైన్‌ను ఆలుగడ్డలు మరుగుతున్నంత వేడిగా ఉన్నప్పుడే పోయాలి, అది పోయలేదని పట్టుకున్నాడు, అదీ మనిషంటే అన్నట్టుగా. మనిషి గొప్పతనాన్ని ఆలుగడ్డతో కొలిచే వంటాయన నాకు తెగ నచ్చాడు.

వంటాయన చెప్పింది నిజమేనా అని రెండు గిన్నెల్లో చేసి చూశా. అర కిలో చిన్న ఆలుగడ్డలు తొక్కతోనే చన్నీళ్లలో వేసి, ఉప్పు వేసి ఉడికించాలి, సైజును బట్టి పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు, కత్తి మొన సులువుగా దిగాలి గానీ చిట్లొద్దు. కుక్కర్‌లో వద్దు, మెదిగిపోతాయి. గుడ్డతో పట్టుకుని కాలుతుండగానే తొక్క తీసి బిళ్లలుగా కోయాలి. అమ్మ ఉండే ఇంట్లో వైన్ సీసా పెట్టలేను, మన దగ్గర నిమ్మకాయకేం కరువు, నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెట్టే ఉంది. ఒక పెద్ద నిమ్మకాయ రసం, మూడు చెంచాల వేడి నీళ్లు (ఆలుగడ్డలు ఉడికిన నీళ్లే), చిటికెడు చక్కెర, ఉప్పు కలిపి ఒక గిన్నెలో వేడి బిళ్లల మీద పోశా, ఇంకో గిన్నెలో చల్లారాక పోశా. వేడి మీద పోసిన గిన్నెలో ఐదు నిమిషాలకు చుక్క కూడా మిగల్లేదు, అంతా లోపలికి పోయింది, బిళ్ల కొరికితే నడుమ దాకా పులుపు. చల్లారిన గిన్నెలో పులుపు బిళ్లల చుట్టూ నీళ్లలాగా అట్లే ఉండిపోయింది. నూనె మాత్రం ముందు వేయొద్దు, అది పట్టేసుకుంటే పులుపు లోపలికి పోదు. పావుగంట ఆగి రెండు చెంచాల గానుగ పల్లి నూనె, అర చెంచా ఆవపొడి, మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలపాలి. గిన్నె దించేసరికి అమ్మ పోపు గరిటె పట్టుకుని వెనకే నిలబడ్డది, “పోపెయ్యకుంటే కూరెట్లయితదిరా” అని. పోపు వేయొద్దు, వేస్తే అది వేరే వంట. చెంచాతో తినండి, ఒక్కో బిళ్ల ఒక్కో ముద్ద, తల వంచే పని లేదు, డైలాగ్ ఒక్కటి కూడా పోదు.

చెంచా సినిమా, ఉల్లిగడ్డ చారు

రోబేర్ బ్రెస్సాన్ తీసిన ‘ఎ మ్యాన్ ఎస్కేప్డ్’, 1956. జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించుకున్న కాలంలో లియోన్ ఊరి మోంలుక్ జైల్లో నుంచి ఒకాయన తప్పించుకోవడం. ఆంద్రే దవీనీ అనే ఆయన నిజంగా 1943లో చేసిన పని అది. తప్పించుకుంటాడని పేరులోనే చెప్పేసి గంటన్నరకు పైగా మనల్ని కూర్చోబెడతాడు. హీరో తన దగ్గరున్న ఇనుప చెంచాను సిమెంటు నేలకేసి నూరి ఉలి చేసుకుంటాడు, దానితో రోజుల తరబడి తలుపు చెక్కల సందులను తొలుస్తాడు. మాటలు తక్కువ, చదవడం సులువు. కానీ సినిమా అంతా చెవుల్లో ఉంది. చెంచా గీసే చప్పుడు, కాపలావాడి అడుగులు, తాళాల గుత్తి, దూరంగా రైలు. సకినాలు కొరికితే అయిపోయింది.

దీనికి ఉల్లిగడ్డ సూపు. గిన్నెడు సూపు, ఒక చెంచా, ఇంతకంటే జత ఏముంటుంది. కిలో ఉల్లిగడ్డలు తీసుకోండి, మా అమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు, దేవరకద్ర మార్కెట్ ఉల్లిగడ్డ తప్ప వేరే ఉల్లిగడ్డ ఆమె లెక్కలో ఉల్లిగడ్డే కాదు. నిలువుగా, సన్నగా, ఒకే మందంలో కోయాలి. అడుగు మందం ఉన్న గంజులో యాభై గ్రాముల వెన్న, చెంచా నూనె వేసి ఉల్లిగడ్డలు, చెంచాడు ఉప్పు వేసి మూత పెట్టి పావుగంట. నీళ్లు వదిలి మెత్తబడతాయి. మూత తీసి ఇక సన్న మంట మీద ముప్పావు గంట, ఐదు నిమిషాలకోసారి కలుపుతూ. ఇది మన కూరకు వేయించేది కాదు. మన దగ్గర మంట పెద్దగా పెట్టి అంచులు ఎర్రబడగానే టమాట వేసేస్తాం. ఇక్కడ అంచు, నడుమ ఒకేసారి రంగు మారాలి, ముందు పసుపు, తర్వాత బెల్లం రంగు, చివరికి పాత చింతపండు రంగు. అడుగున అంటుకుంటుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి చెక్క గరిటెతో గీకండి, ఆ గీకిందే రుచి. నల్లగా అయితే చేదు, అప్పుడు ఏం చేసినా లాభం లేదు, ఇంకో కిలో కోసుకోవడమే. గంజు నిండా ఉన్న ఉల్లిగడ్డ చివరికి అడుగున రెండు పిడికిళ్లు మిగులుతుంది. అరగంటకే అమ్మ వచ్చి “గంటసేపు గోలిస్తున్నవ్ గా ఉల్లిగడ్డలు, గ్యాస్ పైసలు చెట్లకు కాస్తున్నయా కొడుకా” అన్నది, గంటకు వచ్చి చెంచాతో తీసి నోట్లో వేసుకుని “బెల్లమేసినవా?” అన్నది. వేయలేదు. ఉల్లిగడ్డలో ఉన్న తీపే అది.

అప్పుడు ఒక చెంచా మైదా చల్లి రెండు నిమిషాలు కలిపి, లీటరుకు కొంచెం ఎక్కువ బొక్కల నీళ్లు పోయాలి. మటన్ బొక్కలను ఉప్పు, నాలుగు మిరియాలు, ఒక బిర్యానీ ఆకు తప్ప ఇంకేం వేయకుండా ముందు రోజు ఉడికించి వడగట్టింది. అల్లం వెల్లుల్లి వేశారా, పాయా అయిపోతుంది, అది పొద్దున నాన్‌తో తినండి. మాంసం తిననివాళ్లు పుట్టగొడుగులు, క్యారట్, గోబిపువ్వు కాడలు ఉడికించిన నీళ్లు పోసుకోవచ్చు. ఇరవై నిమిషాలు మరిగితే సూపు తయారు. ఫ్రాన్స్‌లో దీని మీద ఎండిన రొట్టె ముక్క, దాని మీద గ్రూయేర్ చీజ్ వేసి ఓవెన్‌లో పెడతారు. మన దగ్గర ఆ చీజ్ దొరకదు, దొరికినా దాని ధరకు కిలో మటన్ కాకున్నా కోడి వస్తుంది. నేను నిన్నటి జొన్న రొట్టెను పెనం మీద కడక్ చేసి, ముక్కలు సూపులో వేసి, మీద మామూలు చీజ్ తురిమి మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచుతా. గోధుమ బ్రెడ్‌లాగా జొన్న రొట్టె కరిగిపోదు, నానుతుంది గానీ ఆకారం నిలబడుతుంది, చప్పుడు మాత్రం పోతుంది. చెవులున్న గిన్నెలో పోసుకుని సినిమా మొదలవగానే చేతిలో పెట్టుకోండి, స్టీలు చెంచాతో అడుగు గీకకండి. మా బామ్మర్ది గీకాడు, తెర మీదా చెంచా గీతే, ఇంట్లోనూ చెంచా గీతే, ఏది ఏదో తెలియలేదు. (నిజం చెప్పాలంటే అది బాగానే ఉండింది.)

రస్కు మీద కార్జం

ఇది పిల్లల్లేని రాత్రి, ఇద్దరు పాత దోస్తులు కూర్చుని చూసేది. జాక్ బెకెర్ తీసిన ‘తుషే పా ఓ గ్రిస్బీ’, 1954. ఝాఁ గాబాఁ వయసు మళ్లుతున్న దొంగ, బంగారం కొట్టేసి ఉన్నాడు, వెనకాల మనుషులు పడ్డారు. అలాంటి రాత్రి అతను తన దోస్తును రహస్యంగా పెట్టుకున్న ఫ్లాట్‌కు తీసుకుపోయి ఏం చేస్తాడు? బల్ల మీద రస్కులు పెట్టి, వాటి మీద పాతే అనే కార్జం ముద్ద పూసుకుని, తెల్ల వైన్ పోసుకుని నిమ్మళంగా తింటారు. తర్వాత దోస్తుకు పైజామా, పళ్లు తోముకునే బ్రష్ ఇస్తాడు. దొంగల సినిమాలో తుపాకుల కంటే ఈ రస్కుల సీనే నాకు గుర్తుండిపోయింది.

ఫ్రెంచ్‌లో ‘బిస్కోత్’ అనేది అచ్చం మన రస్కే. కార్జం మన ఆదివారం వంటే. పావు కిలో కోడి కార్జం కడిగి, తెల్ల నరాలు తీసి తుడవాలి. వెన్నలో ఒక ఉల్లిగడ్డ మెత్తగా వేయించి కార్జం వేసి ఐదారు నిమిషాలు, కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉండొద్దు, గట్టిపడే దాకా కూడా ఉంచొద్దు. ఉప్పు, దండిగా మిరియాలు, కొంచెం జాజికాయ. చల్లారాక ఇంకో యాభై గ్రాముల వెన్నతో మిక్సీలో మెత్తగా రుబ్బి గిన్నెకెత్తి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక్కడ జాగ్రత్త ఒకటే, మన బేకరీ రస్కులు తియ్యగా ఇలాచీ వాసనతో ఉంటాయి, చాయ్‌లో ముంచుకోవడానికి బాగుంటాయి గానీ కార్జంతో ఘోరం. తీపి లేనివి దొరకకపోతే బ్రెడ్‌ను పెనం మీద నీళ్లన్నీ పోయేదాకా కాల్చుకోండి.

వైన్ జాగాలో ఏం తాగాలని అడుగుతారు. తాటికల్లు అనేవాళ్లు ఉంటారు, కానీ పొద్దున దించిన కల్లు రాత్రి సినిమా వేళకు పుల్లగా ఎట్లా మారుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నేనైతే బత్తాయి రసం. నల్గొండలో ఉండి బత్తాయి కాకుండా డబ్బా రసం తాగితే తోటల రైతులు ఊరుకోరు. కానీ ముందే పిండి పెట్టకండి, బత్తాయి రసం ఉంచితే చేదెక్కుతుంది. గ్లాసుల్లోకి పోసే ముందే పిండి, చిటికెడు ఉప్పు, సగం సోడా.

ఇంటర్వల్ మనమే వేసుకోవాలి

ఫ్రెంచ్ సినిమాకు మనలాగా ఇంటర్వల్ కార్డు ఉండదు. రెండు గంటలు దాటినవాటికి ముందే చూసి ఎక్కడ ఆపాలో పెట్టుకోండి, లేకపోతే ఎవరికి వాళ్లు బాత్రూమ్‌కు లేచి సినిమాను ముక్కలు చేస్తారు. ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’ (క్లూజో, 1953) రెండున్నర గంటలుంటుంది. నలుగురు మనుషులు రెండు లారీల్లో నైట్రోగ్లిజరిన్ వేసుకుని గుంతల దారిలో పోవాలి, కుదుపు వస్తే పేలుతుంది. మొదటి గంట లారీలు కదలవు, ఊర్లో ఎండ, ఈగలు, పనిలేని మనుషులు. అప్పుడే తిండి అంతా కానిచ్చేయండి, కోడి వేపుడు, సర్వపిండి, ఏదైనా. సకినాలు కొరకాలన్నా ఇక్కడే. లారీ ఇంజన్ స్టార్ట్ అయ్యే చోట ఆపి చేతులు కడుక్కుని చాయ్ పెట్టుకోండి. దాని తర్వాత వండినా దండగ, ఎవ్వరూ ముట్టరు. మిర్యాలగూడ వైపు వడ్ల లారీలు నడిపిన మా కింది పోర్షన్ పెద్దాయన ఆ సినిమా చూస్తూ చివరి గంటంతా కాలుతో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

అమ్మకు ఎట్లా చూపించాలి

ఇంగ్లిష్ చదవనివాళ్లు ఇంట్లో ఉంటే రెండు దార్లు. ఒకటి, సినిమా మొదలయ్యే ముందు కథ నాలుగు ముక్కల్లో చెప్పేసి, మనుషులకు మన పేర్లు పెట్టేయడం: పొడుగాయన, టోపీ ఆయన, కోపపు కోడలు. తర్వాత బుర్రకథలో వంతపాడేవాడిలాగా నడుమ నడుమ ఒక్కో మాట అందిస్తే చాలు, ప్రతి డైలాగూ అనువదిస్తే మీరూ చూడలేరు, వాళ్లూ చూడలేరు. రెండోది, మాటలతో పనిలేని జాక్ తాతీ సినిమాలు. ‘మోనోంక్ల్’ (మా మామ అని అర్థం), 1958, దానికీ ఆస్కార్ వచ్చింది. కొత్త డబ్బున్న ఒక కుటుంబం, అన్నీ మీటలతో నడిచే ఇల్లు, తోటలో రేకు చేప ఒకటి నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంది. గేటు దగ్గర బెల్ మోగగానే ఇంటామె చేపను ఆన్ చేస్తుంది, వచ్చింది సొంత మనిషే అని తెలిస్తే ఆపేస్తుంది. అది మొదటిసారి జరగగానే అమ్మ పడి పడి నవ్వింది, మా బంధువుల్లో ఒకామె పేరు కూడా చెప్పింది, అది ఇక్కడ రాయను.

ఇదిగో, చేప పులుసు పెట్టుకోవాల్సిన సినిమా ఇది. చదివేది దాదాపు ఏం లేదు, తల వంచి ముల్లు తీసుకుని మళ్లీ తలెత్తినా జోకు అక్కడే ఉంటుంది, తాతీ తొందరపడడు. ఇంటర్వల్‌కు గుల్గులాలు. సినిమాలో పిల్లలు ఖాళీ జాగాలో చేతులు కడగని ఒకాయన దగ్గర జామ్ పూసి చక్కెర అద్దిన బెన్యేలు (నూనెలో వేయించిన పిండి ఉండలు) కొనుక్కుని తింటారు, ఈల వేసి దారిన పోయేవాళ్లు స్తంభానికి గుద్దుకునేలా చేసే ఆట ఆడుతూ. గుల్గులాలకు గోధుమ పిండి, బెల్లం నీళ్లు, సోంపు, చిటికెడు సోడా, బజ్జీ పిండికంటే కొంచెం గట్టిగా కలిపి గంట నాననిచ్చి సన్న మంట మీద వేయించండి, మంట పెద్దదైతే పైన నల్లగా లోపల పచ్చిగా ఉంటాయి. పిల్లలకు వేడివి చక్కెరలో దొర్లించి ఇస్తే పులుసు గిన్నె వైపు చూడరు.

పోలెల్లో బాదం గింజ

చివరగా ‘ది అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్’, జాక్ దమీ, 1964, రంగుల్లో. ప్రతి మాటా పాటే, పెట్రోల్ కొట్టమని అడగడం కూడా పాటే, మిషెల్ లెగ్రాఁ సంగీతం. పద్యనాటకాలు చూసిన పెద్దవాళ్లకు ఇది వింతగా అనిపించదు, మనకే కొంచెం టైం పడుతుంది. ఇందులో జనవరి పండుగకు రాజుల రొట్టె కోసుకునే సీను ఉంది. రొట్టె లోపల ఒక చిన్న గింజ దాస్తారు, ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు అట్ట కిరీటం. సినిమాలో అది అమ్మాయికి వస్తుంది, ఆ కిరీటం పెట్టుకున్నప్పుడు ఆ అమ్మాయిగా చేసిన కాథరిన్ దెనవ్ మొఖం చూడండి, కడుపులో బిడ్డ, యుద్ధానికి పోయినవాడి దగ్గరి నుంచి సరిగ్గా ఉత్తరాలు లేవు, ఎదురుగా వేరే పెళ్లికొడుకు.

బాదం పొడి కూరిన ఆ పొరల రొట్టె ఇంట్లో చేయడం నా వల్ల కాలేదు, రెండుసార్లు వెన్నంతా బయటికి కారింది. కూరిందే కావాలంటే మనకు పోలెలు లేవా? శనగపప్పు పూర్ణం ఎప్పటిలాగే చేసి, ఒక్క ఉండలో తొక్క తీసిన బాదం గింజ పెట్టి ఒత్తండి, కొంచెం మందంగా ఒత్తాలి, లేకుంటే గింజ పొడుచుకుని కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బల్ల కిందికి దూరి ఈ ముక్క ఎవరికి అని పేర్లు పిలుస్తారు. మాకు బల్ల లేదు కాబట్టి చిన్నోడు మంచం కింద దూరి పిలిచాడు. పోలె చేత్తో చుట్టుకుని తినొచ్చు, కన్ను తెర మీద నుంచి తీయక్కర్లేదు. ముందే పిల్లలకు చెప్పండి, లోపల గింజ ఉంది, నమిలి తినాలి అని. మా ఇంట్లో పెట్టుకున్న షరతు, గింజ ఎవరికొస్తే వచ్చే వారం సినిమా వాళ్లిష్టం.

మొన్న అమ్మకు వచ్చింది. గింజను కొంగుకు తుడుచుకుని చూసుకుని “గా రేకు చేప సినిమా మళ్ల పెట్టు” అన్నది. ఆదివారం పొద్దున్నే పోయి బొచ్చె చేప తేవాలి.